ఆముదం తాగిన గ్రామఫోన్

లాక్‌డౌన్‌కి ముందు సంవత్సరం, నవంబరు నెల. విజయవాడ వన్ టౌన్‌లో నా కొట్టు అప్పటికింకా నడుస్తూనే ఉంది. కుట్టు మిషన్ల రిపేరు మా జీవనాధారం. పాత గ్రామఫోన్లు కొని, బాగుచేసి అమ్మడం దానికి తోడుగా పెట్టుకున్న పని. అప్పటికే గ్రామఫోన్లు ఇళ్ళలో కన్నా హోటళ్ళ రిసెప్షన్ బల్లల మీద ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఒక హోటల్ యజమాని నాకు ముందే చెప్పి ఉంచాడు: "పాడకపోయినా పర్లేదు మూర్తిగారూ, బాకా మాత్రం తళతళలాడాలి."

అందుకే ప్రకాశరావుగారు ఫోన్ చేసి, ఊళ్ళో వాళ్ళ నాన్నగారి గ్రామఫోన్ ఉంది, అమ్మేస్తాం అనగానే మర్నాడే ఆయనతో కలిసి బయల్దేరాను. ఆయన బ్యాంకులో రిటైరై బెజవాడలో ఉంటున్నారు. హనుమాన్ జంక్షన్ నుంచి గుడివాడ రోడ్డులో కొంత దూరం వెళ్ళి, కాలువ దాటితే వాళ్ళ ఊరు. వాళ్ళ నాన్నగారు అక్కడి చర్చిలో ఉపదేశిగా, అంటే వాక్యం చెప్పి పాటలు నేర్పే బోధకుడిగా ఉండేవారు. చదువు రాని కూలీలకు కీర్తనలు నేర్పడానికని ఆ మిషన్ కొన్నారట.

ఇప్పుడది ప్రకాశరావుగారి అక్క సుగుణమ్మగారి దగ్గర ఉంది. ఆవిడ ఆ ఊరి బడిలోనే టీచరుగా చేసి రిటైరయ్యారు. నేను మూత తీసి చూస్తుండగా ఆవిడ కాఫీ గ్లాసు అందించి, "అమ్మడానికి నేను ఒప్పుకోలేదండీ. మా తమ్ముడు మీకు చెప్పలేదా?" అన్నారు.

"మూగదాన్ని పెట్టుకుని ఏం చేస్తావక్కా? దానిమీద వడియాల చేటలు పెట్టడానికా?" అన్నారు ప్రకాశరావుగారు.

"మళ్ళీ పాడితే?"

"పాడితే చర్చికి ఇచ్చేద్దాం. కానీ క్రిస్మస్‌కి జనం దాంతో కలిసి పాడాలి, నాన్న ఉన్నప్పటిలాగా. లేదంటే మూర్తిగారు పట్టుకెళ్తారు. సరేనా?"

ఆవిడ సరేనన్నారు. ఇద్దరూ నా వైపు చూశారు. కొందామని వెళ్ళిన సరుకు నాకు దక్కకుండా పోవడానికి నేనే పని చెయ్యాలన్నమాట. పని పనే కదా, ఒప్పుకున్నాను. మిషన్‌తో పాటు, పాత చీరముక్కలో చుట్టి దాచిన ఒకే ఒక్క రికార్డు కూడా ఇచ్చారు. అందులో ఉన్నది క్రిస్మస్ కీర్తన.

గ్రామఫోన్‌కి కరెంటు అక్కర్లేదు. పక్కనున్న హ్యాండిల్ తిప్పితే లోపల మెయిన్ స్ప్రింగ్ అనే పొడవాటి ఉక్కుబద్ద చుట్టుకుంటుంది. అది విప్పుకుంటూ రికార్డు పెట్టే పళ్ళాన్ని తిప్పుతుంది. పళ్ళెం మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో తిరిగేలా చూసేది గవర్నర్. సన్నని స్ప్రింగులకు బిగించిన చిన్న బరువులు, వాటిని అదుపుచేసే ఒక బ్రేకు, ఇంతే దాని నిర్మాణం. కొట్టులో విప్పి చూస్తే మెయిన్ స్ప్రింగ్ విరిగి ఉంది. గవర్నర్ బరువులు ముదురు బెల్లంపాకం లాంటి జిగురులో ఇరుక్కుపోయి ఉన్నాయి. సుగుణమ్మగారికి ఫోన్ చేశాను.

"ఇందులో ఏం నూనె వేసేవారమ్మా?"

"ఆముదం అండీ. ఏటా క్రిస్మస్ ముందు నాన్నగారు చెంచాడు పోసేవారు. బండి ఇరుసుకి వేసేది అదే కదా, ఇందులోనూ ఉన్నవి చక్రాలే కదా అనేవారు."

"అయితే మీ మిషన్ ఇన్నేళ్ళూ ఆముదం తాగిన మొహంతోనే పాడిందన్నమాట," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "బాగానే పాడేదండీ," అన్నారు.

మోటారు భాగాలన్నీ కిరసనాయిల్‌లో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది జిగురు వదిలించాను. మూలపడిన మరో మిషన్‌లోంచి అదే వెడల్పున్న స్ప్రింగ్ తీసి అమర్చాను. సౌండ్ బాక్స్ అంటే ముల్లు అదురుని శబ్దంగా మార్చే గుండ్రటి డబ్బీ. దాని లోపలి అభ్రకం రేకు అదృష్టం కొద్దీ పగల్లేదు. రేకు చుట్టూ ఉండే రబ్బరు మాత్రం రాయిలా గట్టిపడింది. దాని బదులు సైకిల్ వాల్వ్ ట్యూబు కోసి వేశాను. బాకా మీద చింతపండు పెట్టి తోమిన గీతలున్నాయి. హోటల్‌కి వెళ్ళే మిషనైతే పాలిష్ పెట్టించేవాణ్ణి. ఇప్పుడు వాటి జోలికి పోలేదు.

చివరి పని వేగం సరిచూడడం. ఈ రకం రికార్డులు నిమిషానికి డెబ్భై ఎనిమిది చుట్లు తిరగాలి. రికార్డు కింద ఒక కాగితం ముక్క అంచు బయటికి కనిపించేలా దూర్చి, గడియారం ముందు పెట్టుకుని అది ఎన్నిసార్లు తిరిగి వస్తుందో లెక్కపెడతాం. వేగం పెంచి తగ్గించే గవర్నర్ మీట సర్ది సరిగ్గా లెక్కకి తెచ్చాను. ఆ రోజు డైరీలో "వేగం సరి" అని రాసుకున్నాను.

క్రిస్మస్‌కి ముందే తేల్చుకుందామని, డిసెంబరులో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, చర్చిలో అందరి ముందూ మిషన్ పెట్టాం. ఉపదేశిగారి దగ్గర ఆ పాట నేర్చుకున్న ముసలివాళ్ళు ముందు వరుసలో కూర్చున్నారు. హ్యాండిల్ తిప్పి ముల్లు దించాను. గొంతు ఖంగుమని పలికింది. జనం అందుకున్నారు. రెండో చరణానికి సగంమంది వెనకబడ్డారు, మూడోదానికి అందరూ ఆగిపోయారు. రికార్డు మాత్రం తన మానాన తను పాడుకుపోయింది.

"ఇదేందయ్యా, బండి ఎల్లిపోతన్నట్టు పరిగెడతంది!" అన్నాడు యోహాను అనే పెద్దాయన. చర్చంతా నవ్వులు.

ప్రకాశరావుగారు అక్క వైపు తిరిగారు. "చూశావా అక్కా, పాడింది. కలిసి పాడేవాళ్ళే లేరు."

సుగుణమ్మగారి మొహం చిన్నబోయింది. నా దగ్గరికొచ్చి మెల్లగా, "ఇది మా పాట కాదండీ," అన్నారు.

"అదేంటమ్మా, మీరిచ్చిన రికార్డే. అసలు వేగం ఇదే. నేను లెక్కపెట్టి చూశాను."

"పాడినాయన వేగం అదేనేమోనండీ. మేం ఆయన దగ్గర నేర్చుకోలేదు కదా. ఈ మిషన్ దగ్గర నేర్చుకున్నాం."

అప్పుడు నాకు ఆముదం గుర్తొచ్చింది. ఆ జిగురులో గవర్నర్ ఈడ్చుకుంటూ తిరిగితే పాట ఎంత నింపాదిగా సాగి ఉంటుందో, ఊరంతా అంత నింపాదిగానే నేర్చుకుంది. మిషన్ మూగబోయాక కూడా అలాగే పాడుకుంటూ వచ్చింది.

"అమ్మా, మిషన్ ఆపేస్తాను. మీరు ఒక్క చరణం పాడండి," అన్నాను.

ఆవిడ మొదలుపెట్టారు, ముందు వరుస కలిసింది. నేను చేత్తో తాళం వేస్తూ ఆ నడక పట్టుకున్నాను. తర్వాత మళ్ళీ ముల్లు దించి, మీటని కొద్దికొద్దిగా స్లో వైపు జరిపాను. రికార్డులోని గొంతు కాస్త బరువెక్కి కిందికి దిగింది. కాగితం ముక్క పెట్టలేదు, గడియారం చూడలేదు. యోహాను పెదాలే చూస్తూ ఉన్నాను. అవి పాటతో కలిసిన చోట మీట వదిలేశాను. ఈసారి చివరి చరణం దాకా ఎవరూ ఆగలేదు. ప్రకాశరావుగారు కూడా పాడారు, అందరికన్నా ఒక మాట వెనకగా.

"నువ్వు చిన్నప్పటినుంచీ ఇంతే," అన్నారు అక్క, కళ్ళు తుడుచుకుంటూ.

"మిషన్ ఇక్కడే ఉండనివ్వండి మూర్తిగారూ," అన్నారాయన. మీట ఆగిన చోట ఎర్రరంగు చుక్క పెట్టి, ఆముదం మాత్రం ఇక వెయ్యొద్దని చెప్పి, మిషన్ నూనె సీసా ఇచ్చి వచ్చాను. హోటల్ యజమానికి వేరే మిషన్ చూసిపెట్టాను. అది పాడదు. ఆయనా అడగలేదు.

డెబ్భై ఎనిమిది అన్న లెక్క తప్పు కాదు. అది రికార్డు లెక్క. ఆ మిషన్‌తో బతికిన మనుషులకి ఇంకో లెక్క ఉంటుందని అప్పటిదాకా నాకు తట్టలేదు. కొట్టు మూసేదాకా, ఏ గ్రామఫోన్ వచ్చినా స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే, "ఇది ఎలా పాడేదో ఒకసారి పాడి వినిపించండి," అని అడిగేవాణ్ణి. సిగ్గుపడేవారు, నవ్వేవారు, చివరికి పాడేవారు. వాళ్ళ నడక చేతికి అందాకే మూత తీసేవాణ్ణి.