ఇప్పచెట్టు కింద దోమతెరలు

అశోక్ నగర్‌లో నేను నడిపే ఆడపిల్లల హాస్టల్‌కి వంటమనిషి రేణుక. తొమ్మిదేళ్లుగా ఆమె చేతి పప్పుచారు తిని ఎందరో పిల్లలు పరీక్షలు రాశారు. నేను మాత్రం ఏటా మార్చిలో ఆమెను తిట్టుకునేదాన్ని. ఇప్పపువ్వు రాలే కాలమని పదిరోజులు అడవి పక్కనున్న తన ఊరికి పోయేది. అక్కడ తల్లి తిమ్మమ్మ ఒక్కతే ఉంటుంది.

"గా పువ్వు అమ్ముకునుడే మా అవ్వకు ఆధారం మేడమ్" అనేది.

పువ్వు ఏరే ముందు చెట్టు కింద ఎండుటాకులకు నిప్పు పెడతారట. నేల శుభ్రమైతేనే పువ్వు కంటికి ఆనుతుంది. తాతల నాటి పద్ధతి. నిరుడు గాలి తిరిగి, రేణుక పెట్టిన మంట వాళ్ల రెండు చెట్లలో ఒకదాని తొర్రలోకి పాకింది. మూడురోజులు లోలోపలే కాలి చెట్టు కూలింది. ఉన్న ఒక్కటీ పోతే తల్లి గతేమిటని రేణుకకు ఏడాదంతా అదే బెంగ.

ఈసారి మార్చికి ముందే, పిల్లలు పారేసిన చిరిగిన దోమతెరలు మూటగట్టసాగింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఏందమ్మా, సుల్తాన్ బజార్‌ల అమ్ముకుంటవా?" అనేశాను.

ఆమె ముఖం చిన్నబోయింది. "చెట్టు కింద పరుస్త మేడమ్. పువ్వు దాని మీదనే రాలుతది. అగ్గి పెట్టుడే ఉండదు."

సిగ్గుతో చచ్చిపోయాను. చిక్కడపల్లిలో మా ఇంటి అటక మీదున్న తెరలు కూడా దించి ఇచ్చాను. నారాయణగూడలో మూటతో సహా నేనే బస్సెక్కించాను.

పదిరోజులకు తిరిగొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడే చెప్పింది.

"ఏటా వానకు చెట్టు కింద పిల్లమొక్కలు మొలుస్తయట మేడమ్. ఆకుల కింద కానరాక మా మంటకే మాడిపోతుండె. ఈసారి తెరలు దీసి, ఆకులు జరిపి చూస్తే పదకొండున్నయ్! ఇన్నేండ్లు మన చేతులతోటే కాలవెట్టుకున్నమా అని అవ్వ అక్కడ్నే కూలబడి ఏడ్సింది. మీ పిల్లలు సల్లగుండాలె."

సల్లగా ఉండాల్సింది నువ్వే తల్లీ అనుకున్నాను.

"జర ఇంకో నాలుగు రోజులు సెలవు గావాలె. మేకలు మేయకుంట కంచె కట్టాలె. అవి పెద్దగై నిండుగ పూసేనాటికి అవ్వ ఎట్లాగూ ఉండదు, నేనుండుడు గూడ అనుమానమే. అయినా కట్టాలె."

"వారం ఉండి రా. వంట నేను చేస్త" అన్నాను.