తడి చక్రాల జాడ

పోయిన శుక్రవారం పొద్దున చిలకలూరిపేట బస్సు మా బడి ముందు ఆగింది. అక్కడ స్టాపు లేదు. కండక్టరు దిగి వచ్చి, "టీచరమ్మా, మేస్త్రి గారు పోయారండి, తెల్లారేసరికి" అన్నాడు. నేను సుద్దముక్క బల్ల మీద పెట్టి పిల్లల్ని ఇళ్ళకు పంపేశాను.

రోడ్డు పక్క రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళు లారీలూ కార్లూ బాగుచేసిన మనిషి గురించి బడిపంతులమ్మ రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. మా ఆయన డ్రైవరు. ఇవాళ ఆయన తలెత్తుకుని స్టీరింగు పట్టుకుంటున్నారంటే అది మేస్త్రి గారి మొండితనం వల్లే.

అప్పట్లో మా ఆయన ఒక జిన్నింగు మిల్లు యజమాని దగ్గర పనిచేసేవారు. ఆ యజమాని ఒంగోలు వైపు పొగాకు వ్యాపారి వాడి వదిలేసిన విదేశీ కారు కొన్నాడు. పొడుగాటి ముక్కు, తోలు సీట్లు, రోడ్డెక్కిందంటే మిగతా బళ్ళన్నీ దాని దుమ్ములోనే. ఊరంతా వచ్చి చూసి పోయింది. కొన్న కొద్ది నెలలకే, వాగు దాటి వస్తూ మా ఆయన బ్రేకు నొక్కితే అది ఎడమకు తిరిగి మిరపకాయల కళ్ళంలోకి దూసుకుపోయింది. తాలుకాయలు ఏరుతున్న కూలి మనిషి కాలు విరిగింది. డ్రైవరు తాగి ఉన్నాడన్నారు. కల్లు వాసన కూడా గిట్టని మనిషిని!

కారును షెడ్డుకు లాక్కెళ్ళారు. మర్నాడు మేస్త్రి గారు దాన్ని నడిపి చూసి, "బ్రేకులు భేషుగ్గా ఉన్నాయి" అన్నారు. ఆ ఒక్క మాటతో మా ఆయన ఉద్యోగం పోయింది. పోలీసులు కేసు పెట్టి లైసెన్సు పట్టుకుపోయారు.

వారం తర్వాత మేస్త్రి గారు మా గడప ముందు నిలబడ్డారు. నేను కూర్చోమనలేదు. "ఇంకా ఏం మిగిలిందని వచ్చారండీ?" అన్నాను.

"అన్నం సయించట్లేదమ్మా. మీ ఆయన తాగడని నాకు తెలుసు. మరి బండి బాగుంటే ఎందుకు తిరిగినట్టు? నాకు రాత రాదు. నేను కనుక్కొస్తా, నువ్వు రాసిపెట్టు."

పొగాకు వ్యాపారి దగ్గర ఆ కారు రెండుసార్లు రోడ్డు దిగిందట. రెండుసార్లూ డ్రైవర్నే తీసేశారు. మేస్త్రి గారు బస్సులెక్కి ఒకతన్ని అద్దంకిలో, ఇంకొకతన్ని కొత్తపట్నంలో పట్టుకున్నారు. బండి రోడ్డు దిగిన చోట్లకు వెళ్ళి, చూసినవాళ్ళనల్లా అడిగారు. వచ్చి చెబుతుంటే నేను రాశాను. ఏ పక్కకు తిరిగింది? ఎడమకు. రెండోసారి? ఎడమకే. వేళ కలవలేదు, వేగం కలవలేదు. కొత్తపట్నంలో చేపలమ్మే ఒకామె మాత్రం, "కాలవలో నుంచి లేచొచ్చిందయ్యా, నీళ్ళు కారతా" అందట. అది రాసి నేను కలం ఆపాను. మేస్త్రి గారు తల పట్టుకున్నారు.

"నేను ఆరిన బండిని చూశాను టీచరమ్మా."

ఆ సాయంత్రమే మిల్లుకు వెళ్ళారు. మా ఆయనా నేనూ వెనకాలే వెళ్ళాం.

"ఏంది మేస్త్రీ, ఆ రోజు బాగుందన్నావు. ఇప్పుడు ప్లేటు ఫిరాయిస్తున్నావా?" అన్నాడు యజమాని.

"అవునండి, ఫిరాయించాను. ఆ రోజు నేను చెప్పింది తప్పండి. రేపు పొద్దున మీరు బండిలో కూర్చోండి, నేను నడుపుతా."

మర్నాడు పొడిరోడ్డు మీద బ్రేకు నొక్కితే కారు గీత గీసినట్టు ఆగింది. యజమాని నవ్వాడు. వాగులో దింపి, ఒడ్డెక్కి నొక్కారు. కారు గిర్రున ఎడమకు తిరిగి పత్తిచేలో పడింది. యజమాని పంచె నిండా నల్లరేగడి. నాకు లోపల ఎంత సంతోషం వేసిందో దాచుకోను.

"ఇంకోసారి ఎక్కండి" అన్నారు మేస్త్రి గారు.

"నేనెక్కను."

"ఎందుకండీ? దోషం డ్రైవరుదే కదా, ఇవాళ అతను నడపట్లేదుగా?"

మేస్త్రి గారు అక్కడే కుడి ముందు చక్రం విప్పించారు. బ్రేకు డ్రమ్ము వెనక రేకు ఎప్పుడో సొట్టపోయి ఉంది. ఆ సందులోంచి నీళ్ళు లోపలికి పోయి కుడి బ్రేకు పట్టడం లేదు. షెడ్డుకు చేరేలోగా ఆరిపోతుంది.

మేస్త్రి గారు స్టేషనుకు వెళ్ళి, నేను రాసిన కాగితాల కింద వేలిముద్ర వేశారు. ముందు తాను చెప్పింది తప్పని అందులో మొదటి వాక్యంగా రాయించారు. లైసెన్సు తిరిగి వచ్చింది. మిల్లు బళ్ళు మళ్ళీ ఆ షెడ్డు మొహం చూడలేదు. ఆ కూలి మనిషి ఇప్పటికీ కుంటుతుంది. ఆమె కనపడితే మేస్త్రి గారు సైకిలు దిగి నడిచేవారు.

అప్పటినుంచి షెడ్డు గుమ్మంలో రెండు బకెట్ల నీళ్ళు ఉండేవి. చక్రాల మీద నీళ్ళు పోసి, పది గజాలు నడిపి, బ్రేకు నొక్కి, దిగి వెనక్కి వచ్చి ఆ తడి జాడ చూసేవారు. "ఈయన బండికి స్నానం చేయించందే పంపడు" అని డ్రైవర్లు ఆటపట్టించేవాళ్ళు. "ఎండలో అడిగితే ఏ బండైనా బాగున్నాననే అంటుందిరా" అనేవారు మేస్త్రి గారు.

శనివారం నేను మా ఆయన ఇప్పుడు నడిపే బస్సులోనే చిలకలూరిపేటకు వెళ్ళాను. మూసిన షెడ్డు ముందు ఆయన బస్సు ఆపారు. బకెట్లు బోర్లించి ఉన్నాయి. రెండూ నింపి ముందు చక్రాల మీద పోశారు. బస్సు పది గజాలు నడిపి బ్రేకు నొక్కి దిగారు. రోడ్డు మీద రెండు తడి జాడలు తిన్నగా ఉన్నాయి. ఎండకు అవి ఆరిపోయేదాకా ఆయన అక్కడే నిలబడ్డారు. బస్సు నిండా జనం ఉన్నారు. పోదాం పదమని ఎవరూ అనలేదు.