తగిలిన చోటు చూపించనివాడు

మా అన్నకు చూపు పోయింది. ఎడమ కన్ను పూర్తిగా, కుడి కన్ను ముప్పాతిక. దేశం మొత్తం మీద గెలిచి పతకం తెచ్చిన బాక్సర్ కదా, తిన్న దెబ్బలకే పోయిందని పుంగనూరంతా అనుకుంటోంది. దెబ్బలతో మొదలైన మాట నిజమే. కానీ పూర్తిగా పోగొట్టింది ఆయన నోరు. చెప్పాల్సినప్పుడు పెగలని నోరు. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువగా ఉంది, అది దాచుకునే దాన్ని కాను.

ఆయన పొట్టి. చిన్నప్పుడు వీధిలో అందరూ పుంగనూరు దూడ అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆ దూడే మదనపల్లెలో మొదలుపెట్టి, జిల్లా దాటి, రాష్ట్రం దాటి కుమ్మి వచ్చింది. బాక్సింగ్‌లో గురువు ఆయనకు మొట్టమొదట నేర్పిన విద్య గుద్దడం కాదట, దెబ్బ తగిలిన చోటు ఎదుటివాడికి తెలియనివ్వకపోవడమట. తెలిస్తే రెండో గుద్దు కూడా అక్కడే పడుతుంది. పక్కటెముక విరిగినా, పెదవి చీలినా, అన్నానికి కూర్చున్నవాడి ముఖంలా ఉండాలి. ఆ విద్య మా అన్నకు మిగతా అన్నిటికన్నా బాగా అబ్బింది.

గ్లౌజులు వదిలేశాక పాలకేంద్రంలో క్యాన్లు మోసే పనికి కుదిరాడు. సాయంత్రాలు ఊరి చివర, ఒకప్పుడు టమోటా బుట్టలు పెట్టుకునే రేకుల షెడ్డులో ఆడపిల్లలకు బాక్సింగ్ నేర్పేవాడు. నేను టైలర్ని. గుద్దే సంచులు నేనే కుట్టేదాన్ని, పైన టార్పాలిన్, లోపల నా అంగట్లో మిగిలిన గుడ్డపీలికలు. ఆ షెడ్డు వల్ల ఊరు మారిన మాట వాస్తవం. మదనపల్లెకు చదువుకు పోయే పిల్లలు చివరి బస్సులో వచ్చినా తల్లులు గుండెలు పట్టుకుని కూర్చోవడం మానేశారు. ఆటోస్టాండు దగ్గర కూతలు ఆగిపోయాయి. అన్నదమ్ములు పొలం గట్టు మీద కొట్టుకుంటే పోలీసుల కంటే ముందు మా అన్నను పిలిచేవాళ్ళు.

ఆయన మాట కూడా షెడ్డు దాటి ఊళ్ళోకి వచ్చింది. "తగిలిన సోటు సూపీద్దు." సూది వేయించుకునే పిల్లలకు తల్లులు అదే చెప్పేవాళ్ళు. ధర లేక టమోటాలు రోడ్డు మీద పారబోసి వచ్చిన రైతు కూడా అదే అని నవ్వేవాడు. సంసారం గుట్టు, రోగం రట్టు అని జీవితమంతా మాకు చెప్పిన మా అమ్మ సైతం, మోకాళ్ళు పట్టేసినా కొడుకు మాట కోసం మూలగడం మానేసింది. ఛాంపియన్ చెప్పాడంటే మాకు అది వేదం.

పోయిన ఏడాది ఆయన మెడ తిప్పే తీరు మారింది. ఎడమవైపు ఏదైనా చూడాలంటే మొత్తం తల తిప్పేవాడు. గడపలోంచి వస్తూ ఎడమ భుజం గోడకు కొట్టుకునేవాడు.

"ఏంనా, కన్ను బాగుండాదా?" అని అడిగాను.

"నాకేమే, గుండ్రాయి మాదిరి ఉండాను."

నేను ఊరుకోలేదు. బడిలో కంటి పరీక్షల క్యాంపు పెడితే చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. గోడకు అక్షరాల అట్ట తగిలించి, ఒక్కొక్కరి చేత ఒక కన్ను మూయించి చదివిస్తున్నారు. మా అన్న వరసలో తన వెనక ఉన్న ముసలివాళ్ళను ముందుకు పంపించాడు. "అవ్వా, నువ్వు ముందు పో. పెద్దాయనా, నువ్వు కూడా." ఎంత మర్యాద అని మురిసిపోయాను. చివరికి తన వంతు వచ్చింది. కుడి కన్ను మూసుకుని, ఎడమ కంటితో పై అక్షరం నుంచి అడుగున చీమల్లా ఉన్న వరస దాకా తడుముకోకుండా చదివేశాడు. పరీక్ష చేసే అబ్బాయి లేచి చెయ్యి కలిపాడు. వరసలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ పూట నేను అంగడి మూసేసి ఇంటికి పోయి పాయసం వండాను.

తరవాత చలికాలంలో ఒకరోజు నా కూతురు షెడ్డు నుంచి నేరుగా అంగడికి వచ్చింది. అది కూడా మేనమామ దగ్గరే నేర్చుకుంటోంది.

"అమ్మా, మామ నన్ను గుర్తుపట్టలేదు. నేను మాట్లాడినాకే పట్టినాడు."

మర్నాడు అన్నను కుప్పం బస్సెక్కించాను. పలమనేరు దాటి, వి.కోట దాటి, దారి పొడుగునా కిటికీ పక్కన కూర్చుని బయట చెట్లు చూస్తున్నట్టే ముఖం పెట్టాడు. ఏం చూస్తున్నావు నీ మొహం అని తిట్టాలనిపించింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మకు బడిలో జరిగిన క్యాంపు సంగతి చెప్పాను. ఆమె చుక్కలు వేసి, లైటు వేసి, చాలాసేపు చూసింది. చూసే కొద్దీ ఆమె మాట మెత్తబడింది. అప్పుడే నాకు భయం పట్టుకుంది.

"కంట్లో మెరుపులు మెరిసినట్టు కనిపించేదా?"

"కనిపించేదిమ్మా."

"పక్కనుంచి తెర దించినట్టు?"

"ఆ. అదీ ఉండాది."

"కంటి వెనక పొర ఊడిపోయిందండీ. ఎడమ కంటికి ఇక చేసేదేం లేదు. కుడిది కూడా చాలావరకు ఊడింది. ఆ క్యాంపులో కనుక్కుని ఉంటే అప్పుడే పంపించేవాళ్ళు కదా. ఎవరూ పట్టలేదా?"

ఆయన నేనున్న వైపు తిరిగాడు.

"ముందరోళ్ళు సదువుతాంటే ఇని బట్టీ పట్టినా మే."

ఏందది అని అడిగాను. ఆయనే చెప్పాడు. పోటీలప్పుడు ప్రతి ఉదయం డాక్టరు చూసి సరేనంటేనే బరిలోకి వదులుతారట. ముందురోజు గుద్దులకు కన్ను వాచి మూసుకుపోయినవాళ్ళు వరసలో వెనక్కి జరిగి, ముందువాళ్ళు చదివే అక్షరాలు విని, అప్పజెప్పేస్తారట. వాళ్ళలో చాలామందికి అది అలవాటేనట. ఆ పతకం వచ్చిన రోజు ఉదయం కూడా ఆయన అలాగే గట్టెక్కాడట.

"ఈడ ఏం పోటీ ఉండాదని అట్ల చేసినావునా?" అన్నాను. నా గొంతు వరండా అంతా వినిపించింది.

"లైన్లో నిలబడితే నాకు అదే వస్తాది మే. ఇంగోటి రాదు."

కుడి కంటికి ఆపరేషన్ చేశారు. పొర నిలవలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం, అంతే. ఇప్పుడు ఆయనకు వెలుగూ నీడా తెలుస్తాయి. మనిషి తెలుస్తాడు, ముఖం తెలియదు.

ఇంటికొచ్చాక ఆయనకు మిగిలింది ఒక్కటే పట్టుదల. ఊరికి తాను నేర్పినదాన్ని తానే మాన్పించాలి. నా కూతురి భుజం పట్టుకుని షెడ్డుకు పోయాడు, సంచి చిరిగిందంటే నేనూ సూదీ దారం తీసుకుని వెంట పోయాను. పిల్లలందరినీ కూర్చోబెట్టి, క్యాంపులో చేసింది కూడా దాచకుండా చెప్పాడు. "నేను సెప్పింది తప్పు. ఇంగమీద తగిలితే తగిలిందని సెప్పాల. ఎవురూ నామాదిరి కావద్దు." పిల్లలు కళ్ళు తుడుచుకున్నారు. సరే సార్ అన్నారు. అప్పుడు నాకు కాస్త ధైర్యం వచ్చింది.

తరవాత పిల్లలు ఇద్దరిద్దరుగా సాధనకు దిగారు. సంచి కుడుతున్నాను కాబట్టి నేను చూడలేదు, విన్నాను. ఆ చప్పుడు గ్లౌజు మీద గ్లౌజు పడినది కాదు. తలెత్తేసరికి నా కూతురు రెండడుగులు వెనక్కి పోయి, ఒక కన్ను మూసుకుని నిలబడి ఉంది. ఆ కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

అన్న కూడా విన్నాడు. "ఆపండి. ఎవురికి తగిలింది?"

షెడ్డులో ఎవరూ పలకలేదు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సార్ తమ గట్టితనం పరీక్షిస్తున్నాడని అనుకుంటున్నట్టు వాళ్ళ ముఖాల్లోనే కనిపిస్తోంది. ఆయన చెప్పిన కథంతా విని, వాళ్ళు నేర్చుకున్నది అంతే.

"యాడ తగిలింది? సెప్పండమ్మా."

"యాడా తగల్లేదు మామా" అంది నా కూతురు. గొంతు ఏమాత్రం వణకలేదు.

సూది అక్కడే పారేసి పోయి దాని గడ్డం పట్టుకున్నాను. "కన్ను తెరువే." తెరిచింది. తెల్లగుడ్డు ఎర్రగా ఉంది. బాగున్న కంటిని ఒక చేత్తో మూసి, రెండో చెయ్యి దాని ముందు పెట్టాను. "ఎన్ని వేళ్ళు?"

"మూడు."

మూడే. నా ప్రాణం లేచొచ్చింది. అప్పుడు చూశాను, దాని వెనక నిలబడిన పిల్ల నా చేతివైపే చూస్తూ, దాని వీపు మీద నా వేళ్ళ లెక్క తట్టిన చెయ్యి తీసేసుకుంటోంది. దాన్ని కొట్టిన పిల్లే అది. కళ్ళ నిండా నీళ్ళు, పాపం, సాయం చేస్తోంది.

మా అన్న మా వైపు కాకుండా గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ముఖంలో ఎన్నాళ్ళకో కాస్త కళ వచ్చింది.

"మూడేనా మే?" అని నన్ను అడిగాడు. "సరిగ్గా సెప్పిందా?"