మంటలో కాల్చని తీగ

ఆదిలాబాద్ జిల్లాలో సుఖవ్యాధి ఎవరెవరి మధ్య పాకిందో ల్యాబులో పట్టేసిన మొదటి మొనగాణ్ణి నేనేనని మనవలకు చెబుతుంటాను. అబద్ధం. పట్టింది స్వప్న.

నా రిటైర్మెంటుకు ఏడాది ముందు ఆ పిల్ల మా ఆసుపత్రి ల్యాబుకు వచ్చింది. రోగుల నుంచి తీసిన క్రిముల జన్యువులను గీతలుగా తేల్చి, గీతలు కలిస్తే వ్యాధి ఒకే గొలుసులో పాకిందని చెప్పేది. డాక్టరుగారికి ఇక అన్నిటికీ స్వప్నే. ముప్పై ఏళ్ల సర్వీసున్న నేను కుళ్లిపోయాను.

ఆమె సెలవులో ఉండగా మూడు శాంపిళ్లు నేనే చేశాను. ఒకటి జిన్నింగ్ మిల్లు కూలీది, ఒకటి అతని భార్యది, మూడోది వాళ్లకు ముక్కూమొహం తెలియని లారీ డ్రైవరుది. మూడింటి గీతలూ ఒక్కటే! డాక్టరుగారి దగ్గరికి ఉరికాను.

"సార్, కూలీ పెళ్లానికి డ్రైవర్‌తోని సంబంధమున్నట్టే!"

"అయితే రేపు మొగుణ్ణీ పెళ్లాన్నీ పిలిపించు" అన్నారాయన.

మర్నాడు స్వప్న నా గీతలు చూసి మెల్లగా అడిగింది.

"కాకా, ఒక్కో శాంపిల్ ముట్టే ముంగట తీగను మంటల కాల్చినవా?"

క్రిములను ఎత్తే ఆ తీగను కాల్చలేదు. తొందరలో డ్రైవరు క్రిములనే దాంతో మిగతా ఇద్దరి క్రిములు పెంచే ప్లేట్లలోకి మోశాను.

"మళ్లొకసారి చేస్త సార్, గప్పటిదాక వాళ్లను పిలువకుండ్రి" అంది ఆమె డాక్టరుగారితో. నా పేరెత్తలేదు.

మళ్లీ చేస్తే దంపతులవి కలిశాయి, డ్రైవరుది వేరు. మందులకొచ్చి మొగుడి పక్కన బెంచీ మీద కూర్చున్న ఆ ఇల్లాలి మొహం చూడలేకపోయాను.

స్వప్న ఈ సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదట. నేనైతే ఊరంతా చాటేవాణ్ణి. నిజం చెప్పనా, ఆమె మంచితనం చూసినా నాకు కుళ్లే.