మరియమ్మ తాలరు

బవేరియా కొండల్లో, ఈజార్ నది ఒడ్డున, ఊరంతా 'అత్తా' అని పిలిచే మంత్రసాని అఫ్రా నోరు చెడ్డదని అందరికీ తెలుసు. నొప్పులు మొదలైతే మాత్రం అందరికీ ఆ నోరే కావాలి. తనకు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. ఆ మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేది. కాన్పు కష్టమైతే ఆడమనిషి గుప్పిట్లో ఏసు తల్లి మరియమ్మ బొమ్మున్న తాలరు అనే వెండి నాణెం పెట్టి మూసేది. ఆ తల్లి చేతిలో ఉంటే ప్రాణానికి భయం లేదని అక్కడి ఆడవాళ్ల నమ్మకం.

ఆ రోజు అఫ్రా నాణెం పైఊరి బాలింత దగ్గరే ఉండిపోయింది. ఇక్కడ నోట్‌బుర్గాకు బిడ్డ ఎదురుకాళ్లతో వస్తోంది.

"ఒరేయ్, ఇంట్లో మరియమ్మ తాలరుందా లేదా?" అని ఆమె మొగుడు కోర్బినియన్ మీద అరిచింది అఫ్రా.

కోర్బినియన్ తెప్పలు నడుపుతాడు. నాలుగు రాజ్యాల నాణేలూ అతని సంచిలోనే కలిసుంటాయి. గబగబా కెలికి, ఒకటి తీసి, చూడకుండానే భార్య గుప్పిట్లో పెట్టాడు.

"ఇక బయటికి పో. నీ మొహం చూస్తే వచ్చే నొప్పులు కూడా ఆగిపోతాయి."

నోట్‌బుర్గా కళ్లు మూసుకుని నాణేన్ని ముద్దు పెట్టుకుంది. ఒంట్లో శక్తి అప్పటికే అయిపోవచ్చింది. మరో నొప్పికి వేళ్లు సడలి నాణెం దుప్పటి మీద పడింది. అఫ్రా చూసింది. మరియమ్మ కాదు. గుబురు చెంపమీసాల ప్రష్యా రాజు! నిరుడు యుద్ధంలో నోట్‌బుర్గా తమ్ముణ్ణి చంపింది ఆ రాజు సైన్యమే.

"అత్తా... పడిపోయింది... ఇవ్వు."

నిజం చెబితే పిల్ల బెదిరి చేతులెత్తేస్తుంది. ఇంకోటి వెతికే వ్యవధి లేదు. అఫ్రా ఆ నాణేన్నే మళ్లీ గుప్పిట్లో దూర్చి, పైన గుడ్డ చుట్టి ముడేసింది.

"విప్పావంటే చంపుతా. గట్టిగా ముక్కు!"

కాళ్లు వచ్చాయి. నడుం వచ్చింది. తల ఇరుక్కుంది. అఫ్రా బిడ్డ నోట్లో వేలు పెట్టి గడ్డం కిందికి వంచింది.

"ఇంకొక్కసారి పిల్లా! ఆ చేతిలో ఉన్నది నలిగిపోవాలి!"

తల జారి వచ్చింది. బిడ్డ నీలంగా ఉంది. అఫ్రా వీపు రుద్దింది. చప్పుడు లేదు. నోట్లోకి ఊదింది, మళ్లీ రుద్దింది. చివరికి బిడ్డ పిల్లికూన గొంతుతో ఏడ్చింది.

నోట్‌బుర్గా పళ్లతో ముడి విప్పుకుంది. నాణెం చూసి పాలిపోయింది.

"వీడా? నా తమ్ముణ్ణి పొట్టనబెట్టుకున్నోణ్ణా నా చేతిలో పెట్టారు?"

"పెట్టింది నీ మొగుడు. చూసి నోరుమూసుకుంది నేను," అంది అఫ్రా. "అయితే ఏంటంట? ఇంతసేపూ వాడి పీక నీ చేతిలోనే ఉంది కదే."

నోట్‌బుర్గా ఆ చెంపమీసాల కింద బొటనవేలితో నొక్కింది.

"ముందే చెప్పొద్దా అత్తా," అంది. "ఇంకా గట్టిగా నులిమేదాన్ని."