చెయ్యి ఊపందే ఎర్ర బటన్ నొక్కడు

మా వీడియో బాబాయ్ ఎవరి ముందు కెమెరా పెట్టినా మొదట అనే మాట ఒకటే: "చెయ్యి ఊపండి." పెళ్ళికూతురైనా, మంత్రిగారైనా ఊపాల్సిందే. ఊపందే ఎర్ర బటన్ నొక్కడు.

"ఎందుకు బాబాయ్?" అని అడిగామో, అయిపోయామే. "షట్టరు చూసుకోవద్దూ? సెకనుకి పాతిక బొమ్మలు తీస్తున్నాం. ఒక్కో బొమ్మకీ కెమెరా సెకనులో యాభయ్యో వంతు కన్ను తెరవాలి. ఎక్కువసేపు తెరిచిందా, ఊపే చెయ్యి పొగైపోతుంది. తక్కువసేపు తెరిచిందా, మనిషి కీ ఇచ్చిన బొమ్మలా టకటకా కొట్టుకుంటాడు." టీ చల్లారేదాకా ఇదే పాఠం.

ఇంట్లోనూ అదే గోల. పిన్ని కోపంతో గరిటె ఊపితే, "అబ్బ, కదలికంటే ఇదీ. ఇంకోసారి ఊపు" అనేవాడు.

"ఈసారి ఊపితే నీ నెత్తిమీదే ఆగుతుంది" అనేది పిన్ని.

నేను పనిచేసే కార్మిక సంఘం సభలన్నీ ఆయనే తీసేవాడు. ఒకసారి ఒక నాయకుడొచ్చాడు. ఆయనకి చెప్పే పనే పడలేదు, కారు దిగినప్పట్నుంచీ ఊపుతూనే ఉన్నాడు. "చేతికి షట్టరు సరిపోయింది. ఇక నోటికి మూత దొరికితే చాలు" అని బాబాయ్ నా చెవిలో గొణిగాడు.

దుస్తుల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే ఒకమ్మాయికి పుట్టుచెవుడు. సైగలతోనే మాట్లాడుతుంది. వెనక తలుపుకి తాళం వేసి లోపల కుట్టిస్తున్నారని సూపర్‌వైజరుతో గొడవపడింది. మర్నాడే, మెషీను పాడుచేసిందని నేరం మోపి గెంటేశారు. విచారణ కమిటీ ముందు వాళ్ళక్క ఆ సైగలకి అర్థం చెప్పబోతే, "సొంత మనిషి మాట చెల్లదు" అన్నారు. వేరే ఊళ్ళోని సైగల టీచరు వీడియో చూసి రాసిస్తే ఒప్పుకుంటారట. మావాళ్ళు మసక గదిలో ఫోనుతో తీసి పంపారు.

టీచరు ఫోను చేసింది. "ముఖం బాగానే ఉంది. వేళ్ళే దూదిలా ఉన్నాయి. ఏం చదవను?"

విచారణ మర్నాడే. బాబాయ్‌ని పిలిచాం.

సంఘం ఆఫీసులో అమ్మాయి కర్రలా బిగుసుకుని కూర్చుంది. బాబాయ్ తన చెయ్యి ఊపి, నువ్వూ ఊపమని సైగ చేశాడు. ఆమె అక్కవైపు చూసి ఫక్కున నవ్వి, ఊపింది. తర్వాత వేళ్ళతో గబగబా ఏదో చెప్పింది. బాబాయ్ కెమెరా తెరలో చూసి మొహం ముడిచాడు.

"యాభయ్యో వంతు చాలదు. వేళ్ళు చెరిగిపోతున్నాయి. వందో వంతు పెట్టాలి."

"కుదుపొస్తుందేమో బాబాయ్?"

"రానీ. నా అందం ఎవడిక్కావాలి, ఆవిడ మాట కావాలి. కాకపోతే కన్ను సగంసేపే తెరుస్తుంది, సగం వెలుతురే పడుతుంది. కిటికీలు తెరవండి."

కిటికీ తెరలు పీకాం, బీరువా జరిపాం. ఇద్దరు తెల్ల దుప్పటి పట్టుకుని ఎండని ఆమె చేతుల మీదికి తిప్పారు. అప్పుడు చూశాను: షట్టరు చక్రం మీది టేపుని బాబాయ్ గోటితో గీకుతున్నాడు. ఎండి పెచ్చులు కట్టిన టేపు. చక్రాన్ని యాభై దగ్గర అతికించేసి ఎన్నేళ్ళయిందో.

"ఇదేంటి బాబాయ్? షట్టరు అసలు కదపనే లేదన్నమాట. మరి ఊరందరి చేతా ఎందుకు ఊపించావు?"

"మెల్లగా అనవే. కెమెరా ముందు మామూలు మనిషి నేరం చేసినవాడిలా కూర్చుంటాడు. చెయ్యి ఊపాడా, తన మీద తనకే నవ్వొచ్చి భుజాలు దిగుతాయి. భయం పోవాలి ఊపవయ్యా అంటే ఎవడూపుతాడు? షట్టరంటే ఏదో శాస్త్రమనుకుని ఊపుతారు."

సాయంత్రానికల్లా టీచరు ప్రతి వేలినీ చదివి రాసి పంపింది. మర్నాడు విచారణలో అది చదివి కమిటీ తాళం తీయించింది, అమ్మాయిని పనిలోకి తీసుకోమంది. గేటు ముందు ఏళ్ళ తరబడి మేం అరిచినా వినని యాజమాన్యానికి వేళ్ళ మాట వినిపించాడు బాబాయ్. ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా మాకు తనివి తీరదు.

ఆమె మళ్ళీ పనిలో చేరిన రోజు గేటు దగ్గర కెమెరా పెట్టి, ఊపమని సైగ చేశాడు. ఆమె తల అడ్డంగా తిప్పి, వేళ్ళు ఆడించింది.

"ఏమంటోంది?" అన్నాడు బాబాయ్.

అక్క నవ్వాపుకుంటూ చెప్పింది. "ముందు మీరు ఊపాలట. బిగుసుకుపోయారట."

బాబాయ్ కెమెరా వెనకనుంచి ఇవతలికొచ్చి, రెండు చేతులూ ఊపాడు.