రెండు పక్కలా నిండిన నోటుపుస్తకం

"ఆడ యుద్ధం జరుగుతాంటే నీకు కతలు గావాల్నా?" అని మా నాయన అరిచాడు.

"పేపర్ల నిండా యుద్ధమే ఉండాది. మావాళ్ళ కతలకు జాగా యాడుందన్నా? అందుకే అన్నీ ఒక్క నోటుపుస్తకంలో పెట్టినాం. అదిప్పుడు యాడబోయింది?" అన్నాడు చిన్నాయన.

నిన్న నా మనవడు శెనక్కాయల పొట్లం కాగితం పారేయబోతే కసిరాను. ఆ వాసనకే బంగ్లాదేశ్ యుద్ధమప్పటి మా మదనపల్లె ఇల్లు, ఆ అరుపులూ గుర్తొచ్చాయి.

పుంగనూరు నుంచి, కుప్పం నుంచి చిన్నాయన స్నేహితులొచ్చి తలా ఒక కథ తమ చేత్తో ఆ నోటుపుస్తకంలో రాసి వెళ్ళారు. ఇంకో ప్రతి లేదు. ఇల్లిల్లూ తిప్పి చదివించాలని చిన్నాయన ఆశ.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. మా ఇంట్లో ముందు పెన్సిలుతో, తర్వాత దాని మీదే పెన్నుతో రాసి, రెండు పక్కలా నిండిన పుస్తకాన్ని అంగడికి వేసేవాళ్ళం. నిండిన కాగితాన్ని దాచుకునేవాళ్ళుంటారని నాకు తెలియదు.

"బడిలో పాత కాగితాలు తెమ్మన్యారు. అవి అమ్మి మిలిటరీవాళ్ళకు దుడ్డు పంపుతారంట. ఆ పుస్తకం నేనే ఇచ్చినా చిన్నాయనా" అన్నాను గర్వంగా.



మరునాడు పొద్దున చిన్నాయన బడిలో అడిగి, వాళ్ళు కాగితాలమ్మిన శెనక్కాయల అంగడికి పోయాడు. చుట్టిన పొట్లాలన్నీ కొనుక్కొచ్చాడు. గింజలు చాటలో పోసి, కాగితాలు ఒక్కొక్కటే మోకాలి మీద సాపు చేశాడు. ఒక్క కథా పూర్తిగా దొరకలేదు.

"తినమ్మా" అని చాట నా ముందుకు జరిపాడు.